తగిలిన కాలు

బంతి గోల్‌లోకి దొర్లిపోతుంటే, దాన్ని ఆపాల్సిన వెంకటసుబ్బమ్మ నడుం వంచి దిల్షాద్‌బీ పిక్కను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటూ ఉంది.

కోచ్ వినోద్ కుమార్ విజిల్ ఊదలేదు. నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఏం చేస్తాండావక్కా?"

"కాలు తగిలింది గదప్పా."

"తగల్నీ. కాళ్ళతో ఆడే ఆట ఇది. తగలకుండా ఎట్ట ఆడేది?"

"తగిలినాక అద్దుకోకుండా ఎట్ట ఉండేది?"

ఈ మాటలు జరుగుతుండగానే దిల్షాద్‌బీ కూడా వంగి వెంకటసుబ్బమ్మ మోకాలు తాకి కళ్ళకద్దుకుంది. "నా కాలు గూడా తగిలింది సార్," అంది. "ఒకరే అద్దుకుంటే బాగుండదు."

"పోండి. ఇద్దరూ గ్రౌండ్ సుట్టూ తిరిగి రాపోండి."

ఇద్దరూ పరుగుకీ నడకకీ మధ్యలో ఉన్న ఆ పద్ధతిలో బయల్దేరారు. దిల్షాద్‌బీ బట్టలు కుట్టే మనిషి. పగలంతా మిషను ముందు కూర్చుని, సాయంత్రం చున్నీ నెత్తికి బిగించి, రెండు పిన్నీసులు పెట్టుకుని వస్తుంది. పరిగెత్తేటప్పుడు ఆమెకు మాటలు ఎక్కువ.

"ఈ అద్దుకునేదానికి మనం తిరిగిన తిరుగుడు అంతా కలిపితే ఈపాటికి గండికి పోయి ఆంజనేయసామిని చూసొచ్చుందుము సుబ్బక్కా."

"నువ్వు ఆంజనేయసామిని చూసి ఏం చేస్తావే?"

"ఆయన గూడా ఎగిరి దుంకే మనిషే గదా. బాల్ ఎట్ట ఆపాల్నో అడుగుతా."

వెంకటసుబ్బమ్మ నవ్వబోయి ఆయాసంతో ఆగిపోయింది. పుస్తెల తాడు లోపలికి దోపుకుని, గాజులకు ప్లాస్టర్ చుట్టుకుని, కుర్తా కింద ట్రాక్ ప్యాంటు వేసుకుని ఇలా నలుగురిలో పరిగెడతానని ఆమె ఎన్నడూ అనుకున్నది కాదు. హైదరాబాదు నుంచి ఒక టీవీ ఛానెల్ వాళ్ళు వచ్చి, నలభై దాటి, పుట్టి బుద్ధెరిగి ఏ ఆటా ఆడని ఆడవాళ్ళు కావాలన్నారు. వాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పుతారు, నేర్చుకుంటుంటే చూపిస్తారు. కార్యక్రమం పేరు 'మైదానంలో అమ్మలు'. మొదటి రోజు ప్రొద్దుటూరు కాలేజీ మైదానంలో బంతిని ముందు పెట్టి తన్నమంటే ఒక్కరూ తన్నలేదు. వరసగా వచ్చి బంతిని ముట్టుకుని కళ్ళకద్దుకుని, ఆ తర్వాత తన్నారు. ఆ ముక్క ఎన్ని ఫోన్లలో తిరిగిందో లెక్కలేదు. అప్పటినుంచీ కెమెరా వాళ్ళ చేతుల కోసమే కాచుకుని ఉండేది. కోచ్‌కు మాత్రం అది చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. గురువారం పులివెందులలో చివరి పోటీ. పులివెందుల ఆడవాళ్ళు ఎవరి కాలు తగిలినా ఆగడం లేదని ఆయనకు కబురు అందింది.

మళ్ళీ ఆట మొదలైంది. ఈసారి బంతి మార్తమ్మ దగ్గరుంది. మార్తమ్మ జమ్మలమడుగులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఆ ఊళ్ళో జట్టుకు సరిపడా మనుషులు రాకపోతే ఆమెను ప్రొద్దుటూరు జట్టులో కలిపారు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. బంతి దగ్గరున్నప్పుడు ఎవరివంకా చూడదు. ఆమె ఎడమవైపు నుంచి వస్తుంటే వెంకటసుబ్బమ్మ అడ్డం పోయింది. ఇద్దరి కాళ్ళూ ఒకేసారి బంతి మీద పడ్డాయి. వెంకటసుబ్బమ్మ బూటు జారి మార్తమ్మ ముంగాలి ఎముక మీద గట్టిగా గీసుకుపోయింది. మార్తమ్మ కూలబడింది. బంతి పక్కకు దొర్లింది. వెంకటసుబ్బమ్మ దాని వెంటపడి శక్తికొద్దీ గీత అవతలికి తన్నింది.

"అదీ," అని అరిచాడు వినోద్ కుమార్. "అట్ట ఆడాల. చూసినారా అందరూ? అక్క ఆగిందా? అద్దుకునిందా? నేర్చుకునింది."

అందరూ చప్పట్లు కొట్టారు. వెంకటసుబ్బమ్మకు చెవులదాకా వేడెక్కింది. పెళ్ళయి వచ్చినాక తనను ఇంతమంది ఒకేసారి మెచ్చుకోవడం ఆమెకు గుర్తులేదు. మార్తమ్మ లేచి, ప్యాంటు పైకి లాగి ఎముక చూసుకుని, మళ్ళీ కిందికి వదిలి తన చోటికి పోయింది.

ఆట అయిపోయాక శ్వేత పిలిచింది. శ్వేత ఆ కార్యక్రమం నడిపించే అమ్మాయి. డేరా కింద కూర్చుని ఎప్పుడూ తెర వంకే చూస్తూ ఉంటుంది.

"ఆంటీ, ఒకటి చూపిస్తాను. కోపం తెచ్చుకోకండి."

తెర మీద వెంకటసుబ్బమ్మ. దిల్షాద్‌బీ కాలు తగిలింది, వంగి అద్దుకుంది. జట్టులో సుమ కాలు తగిలింది, అద్దుకుంది. సాజియా, అద్దుకుంది. నీళ్ళ సీసాలు తెచ్చే పిల్ల కాలు తొక్కి, దానికీ అద్దుకుంది. తర్వాత మార్తమ్మ. తగిలింది, వెంకటసుబ్బమ్మ ముందుకు పోయింది. ఇంకొక రోజు, మార్తమ్మ. ముందుకు పోయింది. ఇంకొక రోజు. ఆ రోజు చెయ్యి కిందికి దిగింది. సగం దిగి, ఆగి, తిరిగి పైకొచ్చి తన కుర్తా అంచు సర్దుకుంది.

"ఇంకోసారి చూపించు," అంది వెంకటసుబ్బమ్మ.

శ్వేత చూపించింది. చెయ్యి దిగింది. ఆగింది. కుర్తా సర్దుకుంది.

"మా ఎడిటర్ కనిపెట్టాడు ఆంటీ. శనివారం ఎపిసోడ్‌లో ఇవన్నీ వరసగా పెడదామంటున్నారు. జనం మిమ్మల్ని ఏమంటారో నాకు తెలుసు." శ్వేత గొంతు తగ్గించింది. "ఒకటి చేయొచ్చు. గురువారం పులివెందులలో మీ కాలు మార్తమ్మ గారికి తగలడం, మీరు వంగి అద్దుకోవడం, ఒక్క షాట్ తీసుకుంటే చివర్లో కలుపుతాం. అప్పుడు కథ వేరుగా ఉంటుంది. మనిషి మారినట్టు. నేను ఆమెతో అంటే నవ్వి ఊరుకుంది. మీరే అడగండి."

"షాట్ ఇయ్యకపోతే?"

"ఉన్నవే వేస్తారు."

*

తెల్లారి వెంకటసుబ్బమ్మ వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. స్టవ్ మీద పప్పు పెట్టి ఉప్పు వేసిందో లేదో తెలియక రెండుసార్లు రుచి చూసింది. కందులు చెరగడానికి చేట దించి, మర్చిపోయి వాకిట్లోకి పోయింది. తిరిగి వస్తుంటే కాలు చేటకు తగిలింది. ఆమె వంగి చేట అంచు తాకి కళ్ళకద్దుకుంది.

అద్దుకున్న చెయ్యి కళ్ళ దగ్గరే ఉండిపోయింది.

"ఏందట్ట నిలబన్యావు?" అన్నాడు నారాయణ రెడ్డి, తువ్వాలు భుజాన వేసుకుని వస్తూ.

ఆమె చెప్పింది. మొగుడికి చెప్పే పద్ధతిలో, సగం గిన్నెలు కడుగుతూ, సగం తిరిగి చూస్తూ. ఆయన చివరిదాకా విని కుర్చీలో కూర్చున్నాడు.

"దీనికింత ఆలోచనేంది? ఒక్క షాటంటాండారు గదా. చెయ్. ఇంకా మంచిదే. మండలంలో అందరూ చూస్తారు. రెడ్డోళ్ళ ఆడమనిషి వంగి కళ్ళకద్దుకునిందంటే ఎంత పేరు."

"అది గాదు."

"మరేంది?"

"నేను కావాలని చెయ్యలే," అంది.

"నువ్వు చేసినావని ఎవరన్నారు? వాళ్ళమ్మ మన చేన్లో పన్జేసినన్నాళ్ళూ ఏ పొద్దన్నా ఒక మాటన్నామా మనం? పండక్కి చీర పెట్టలేదా? ఆ పిల్లను ఈడికి పిలిపిస్తా ఉండు. నా ముందర చెప్తే కాదంటుందా."

"వద్దు." ఆమె గిన్నె బోర్లించింది. "పిలిపించాకు. నేనే పోతా."

"నువ్వా? ఆ హాస్టల్ కాడికా?" అని ఆయన నవ్వాడు. "కారు తీస్కపో."

ఆమె బస్సెక్కింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ముందు సీటు కింద కాళ్ళు ముడుచుకుంది. పక్కన కూర్చున్న ముసలామె దిగేటప్పుడు చెప్పు తగిలితే ముసలామె అద్దుకుంది, వెంకటసుబ్బమ్మ కూడా అద్దుకుంది. ఆ ముసలామె ఎవరో, ఏ కులమో తెలియదు. తెలియనప్పుడు చెయ్యి ఆగలేదు. తెలిసినప్పుడే ఆగుతుందన్నమాట. జమ్మలమడుగు వచ్చేదాకా ఆమె ఆ చేతిని ఒళ్ళో రెండో చేతికింద పెట్టుకునే కూర్చుంది.

హాస్టల్ వంటిల్లు వెనకవైపు ఉంది. మార్తమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కత్తిపీట ముందు కూర్చుని సొరకాయలు తరుగుతోంది. పక్కన పెద్ద డేక్సాలో నీళ్ళు సలసల కాగుతున్నాయి. వెంకటసుబ్బమ్మను చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. మళ్ళీ పోయి పీట ముందు కూర్చుంది.

"ఏందిమా ఇంత దూరం వచ్చినారు?"

"ఊరికే. నీకు పని ఉన్నట్టుంది."

"పిల్లోల్లు పన్నెండుకే వస్తారు. తరుక్కుంటానే మాట్లాడతా. చెప్పండి."

దోపిన చీర కింద మార్తమ్మ ముంగాలు కనిపిస్తోంది. ఎముక మీద పొడుగ్గా కమిలిపోయి, మధ్యలో తోలు లేచి ఉంది. దాని మీద పసుపు ఆరిపోయి పొరలుగా ఊడుతోంది. వెంకటసుబ్బమ్మ అక్కణ్ణుంచి చూపు తిప్పుకుని డేక్సా వంక చూసింది.

"శ్వేత నీకు చెప్పిందా?"

"చెప్పింది. బొమ్మ గూడా చూపించింది."

"నేను కావాలని చేసింది గాదు మార్తా."

కత్తి ఆగలేదు. సొరకాయ ముక్కలు ఒకే మందాన గిన్నెలో పడుతున్నాయి. "తెలుసు," అంది మార్తమ్మ. "కావాలని చేస్తే ఏదో ఒకరోజు మర్చిపోయి అద్దుకుని ఉంటారు."

వెంకటసుబ్బమ్మకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కినాక కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నువ్వు ముందే చూసుంటివా?"

"మొదటి వారమే."

"ఒక మాట అనొచ్చు గదా."

"ఏమనాల?" మార్తమ్మ తలెత్తింది. ముఖంలో కోపం లేదు. నిజంగానే ఏమనాలో అడుగుతున్నట్టు ఉంది. "నాకు గూడా మొక్కండి అనాల్నా?"

లోపల్నుంచి ఎవరో పిల్ల "మార్తక్కా, ఉప్పు యాడుంది?" అని అరిచింది. "మూల డబ్బాలో," అని చెప్పి మార్తమ్మ ఇంకొక సొరకాయ తీసుకుంది.

"గురువారం ఆ ఒక్క షాట్..." అంది వెంకటసుబ్బమ్మ. "వాళ్ళు వేసేది మా వాళ్ళంతా చూస్తారు. మా కోడలి తరపోళ్ళు చూస్తారు. నా మొగం ఎట్ట..."

"చెయ్యండి. నేనేమన్నా వద్దన్యానా? కాలు తగిలితే అద్దుకోండి."

"నీకేం కోపం లేదు గదా?"

"నాకు ముందర ఆడాలనుందిమా. ఈ వారమంతా అదొకటే రంధి. వినోద్ సారు ముందర నన్ను పెడతాడో, ఆ సుమను పెడతాడో. ఈ పిల్లోల్లు నేను గోల్ కొడతానని పందేలు కాసుకుంటాండారు."

ఆమె లేచి ముక్కలు డేక్సాలో పోసింది. ఆవిరి ఇద్దరి మధ్యకూ వచ్చింది. ఇప్పుడు వంగితే సరిపోతుంది, అనుకుంది వెంకటసుబ్బమ్మ. దెబ్బ తగిలిన కాలు చేయి చాచేంత దూరంలో ఉంది, కెమెరా లేదు, చూసేవాళ్ళు లేరు. ఆమె సంచి పట్టుకున్న చెయ్యి సంచి మీదనే ఉండిపోయింది. చూసేవాళ్ళు లేరు కాబట్టే లేవడం లేదేమో అని కూడా ఆమెకు తోచింది. తోచాక అక్కడ కూర్చోలేకపోయింది.

"బస్సుకు టైమైంది," అని లేచింది.

*

పులివెందుల మైదానంలో పొద్దున్నే గాలి దుమ్ము లేపుతోంది. పోటీ సాయంత్రం. శ్వేత మూడు వైపులా కెమెరాలు పెట్టించి, ఇద్దరినీ మధ్యకు పిలిచింది.

"మార్తమ్మ గారు బంతితో వస్తారు. ఆంటీ అడ్డం పోతారు. కాలు తగులుతుంది. ఆంటీ వంగి అద్దుకుంటారు. మార్తమ్మ గారూ, మీరు ఆమెను లేవనెత్తి కావలించుకోండి. అంతే."

మార్తమ్మ బంతితో వచ్చింది. వెంకటసుబ్బమ్మ కాలు చాచింది. చాచిన చోట మార్తమ్మ కాలు లేదు. బంతిని అరికాలితో వెనక్కి లాగి, పక్కనుంచి దాటిపోయింది.

"కట్. మార్తమ్మ గారూ, తగలాలండీ."

"సరే మేడం."

రెండోసారి మరింత నెమ్మదిగా వచ్చింది. వెంకటసుబ్బమ్మ మరింత ముందుకు పోయింది. మార్తమ్మ కాలు చివరి క్షణంలో పైకి లేచి, ఆమె బూటు మీదుగా దాటి అవతల దిగింది.

"నేనేం చేసేది మేడం," అంది మార్తమ్మ. "కాలు దానంతటదే పోతాంది. ఇన్నాళ్ళూ సారు నేర్పించింది ఇదే గదా."

గీత పక్కన నిలబడ్డ వినోద్ కుమార్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. దిల్షాద్‌బీ మాత్రం ఆపుకోలేదు. "సుబ్బక్కా, గట్టిగా తన్నుమే, మొక్కేదానికన్నా," అంది.

అందరూ నవ్వారు. వెంకటసుబ్బమ్మకు చెమటలు పోశాయి. తగలడం కోసం ఒక మనిషి కాలి వెంట పడడం ఎంత అసహ్యంగా ఉందో ఆమెకు మూడోసారికి తెలిసింది. నాలుగోసారి ఆమె కాలు చాచలేదు. చేతులు నడుముమీద పెట్టుకుని నిలబడిపోయింది. మార్తమ్మ కూడా ఆగింది. ఆమె వేసుకున్న ఎరుపు మేజోడు పైన కమిలిన గీత చివర కనిపిస్తోంది.

"మేడం, మీ షూటింగ్ తర్వాత పెట్టుకోండి," అన్నాడు వినోద్ కుమార్. "సాయంత్రానికి ముందర ఎవరు, వెనక ఎవరు అనేది నేనింకా తేల్చల్యా. మాలో మేము ఒక ఆట ఆడాల."

జట్టును రెండుగా చీల్చాడు. వెంకటసుబ్బమ్మ ఆకుపచ్చ బనీన్ల వైపు, వెనక. మార్తమ్మ, సుమ నారింజ బనీన్ల వైపు, ముందర. ఇద్దరిలో ఎవరు గోల్ కొడితే సాయంత్రం ముందర ఆడేది వాళ్ళు.

మొదట సుమ వచ్చింది. వెంకటసుబ్బమ్మ బంతిని లాక్కుంది. సుమ కాలు తగిలితే సగం వంగి, వినోద్ కుమార్ విజిల్ గుర్తొచ్చి లేచింది. తర్వాత మార్తమ్మ వచ్చింది. ఈసారి నెమ్మదిగా కాదు. వెంకటసుబ్బమ్మ షాట్ గురించి ఆలోచించలేదు, శనివారం గురించి ఆలోచించలేదు. బంతి తనది కావాలి, అంతే. ఎదురుగా పోయి కాలు పెట్టింది. మార్తమ్మ కూడా పెట్టింది. మార్తమ్మ బూటు మోకాలి కింద ఎముక మీద ఠపీమని తగిలింది. వెంకటసుబ్బమ్మ వెనక్కి పడింది.

నొప్పి పంటిదాకా పాకింది. ఆమె మోచేతుల మీద ఆనుకుని అలాగే ఉండిపోయింది. విజిల్ మోగలేదు. దుమ్ము కళ్ళలో పడుతోంది. ఆమె లేవలేదు. లేవలేకపోవడం వల్ల కాదు. తన మీదికి ఒక నీడ వంగాలి. రెండు వేళ్ళు వచ్చి తన కాలు తాకాలి. అది ఇంకా రాలేదు, వస్తుంది.

రాలేదు.

తల తిప్పి చూస్తే మార్తమ్మ వీపు కనిపించింది. అది చాలా దూరంలో ఉంది. చెమటకు బనీను అంటుకుపోయి, జడ ఎగురుతూ, బంతిని ముందుకు తోసుకుంటూ పోతోంది. గోల్ ముందర నిలబడ్డ సాజియా భయపడి పక్కకు తప్పుకుంది. బంతి వల లోపల పడింది. నారింజ వైపు వాళ్ళంతా కేకలు వేశారు.

తను దేనికోసం ఎదురుచూస్తూ పడి ఉందో అప్పుడు వెంకటసుబ్బమ్మకు తెలిసింది. మార్తమ్మ తల్లి చేలో గడ్డి మోపు తమకు తగిలినా వంగేది. మార్తమ్మ కూడా తన కాలు తగిలినప్పుడల్లా మొన్నటిదాకా వంగేది. తెరమీద శ్వేత చూపించని ముక్కలు అవన్నీ. ఎన్నిసార్లో ఎవరూ చూడలేదు, తనూ చూడలేదు. గాలి తగిలినట్టు తగిలి పోయాయి.

మార్తమ్మ బంతి చంకన పెట్టుకుని తిరిగి వచ్చింది. రెండడుగుల దూరంలో ఆగింది. ఊపిరి ఎగపోస్తోంది. ఆమె ముఖంలో ఇప్పుడు ఇంత వెలుగు ఉంది.

"గట్టిగా తగిలిందా?"

"ఏం కాలేదు."

"సరే," అని ఆమె మధ్య గీత వైపు పోయింది.

వెంకటసుబ్బమ్మ చేతులు నేలకు ఆనించి తనంతట తనే లేచింది. కుంటుకుంటూ గీత దగ్గరికి పోయి నీళ్ళు తాగుతుంటే శ్వేత పరుగున వచ్చింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"ఆంటీ, షాట్ అక్కర్లేదు. అంతకంటే మంచిది దొరికింది. మార్తమ్మ గారు మీకు తగిలి అద్దుకోకుండా పోయారు, మూడు కెమెరాల్లోనూ పడింది. దీన్ని మీవాటి పక్కన పెడతాను. ఆమె కూడా చేయలేదు కదా. మిమ్మల్ని ఇంక ఎవరూ ఏమీ అనలేరు. ఇద్దరూ సమానం."

వెంకటసుబ్బమ్మ సీసా దించింది. మంచి దారే. మొగుడు కూడా ఇదే అంటాడు. కోడలి తరపు వాళ్ళు కూడా, చూసినారా, ఆమె గూడా అంతే గదా అంటారు. ఎవరికీ తల వంచే పని లేదు.

మైదానం మధ్యలో వినోద్ కుమార్ మార్తమ్మ భుజం తట్టి ఏదో చెప్తున్నాడు. మార్తమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"వద్దు," అంది వెంకటసుబ్బమ్మ.

"ఎందుకాంటీ?"

"ఆమెది ఆట. నాది ఆట గాదు." సీసా మూత తిప్పి బిగించింది. "దాని పక్కన దీన్ని పెట్టాకు. నావి నావి గానే వెయ్."

"మీ ముఖమే కనిపిస్తుంది ఆంటీ. శనివారం. బాగా దగ్గరగా."

"కనపన్నీ."

శ్వేత ఇంకేదో అనబోయింది. అప్పటికే వినోద్ కుమార్ కేక వేశాడు. "సుబ్బక్కా, ఆడతావా, కూచుంటావా?"

"ఆడతా."

ఆమె కుంటుతూనే తన చోటికి పోయింది. ఎముక దపదపా కొట్టుకుంటోంది. శనివారం ఇంట్లో టీవీ ముందర ఎవరెవరు కూర్చుంటారో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అంతలో బంతి అటు మధ్యలో కదిలింది. మార్తమ్మ దాన్ని ఎడమవైపుకు తీసుకుని, ఎవరివంకా చూడకుండా మళ్ళీ వస్తోంది. వెంకటసుబ్బమ్మ మోకాళ్ళు కొద్దిగా వంచి, ఏ కాలు ముందు వస్తుందో అని ఆమె పాదాల వంకే చూస్తూ నిలబడింది.